ప్రసాదుగారికి వేరే గిన్నె

చిల్లకల్లులో కోళ్ళఫారం ఉన్న భవానీప్రసాద్ ఆ శనివారం ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని, జగ్గయ్యపేట బస్టాండు పక్కన వేయించిన షామియానాలోకి వెళ్ళి, నలుగురి ఎదుట కూర్చుని కోడికూర తినాలి. అంతే. తిని మూతి తుడుచుకుంటే చాలు, షెడ్డులో ఉన్న కోళ్ళన్నీ అమ్ముడుపోతాయి. ఇంత సుఖమైన పని దొరికితే మామూలు మనిషి ముందురోజు రాత్రి నుంచే కడుపు ఖాళీగా ఉంచుకుంటాడు. ప్రసాదు మాత్రం తెల్లవారినప్పటి నుంచీ ఇంటికీ షెడ్డుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

రెండువేల ఆరు మాఘమాసంలో టీవీలన్నీ బర్డ్ ఫ్లూ అనే మాటను మోసుకొచ్చాయి. ఎక్కడో మహారాష్ట్రలో తెల్ల ముసుగులు వేసుకున్న మనుషులు కోళ్ళను గోతుల్లో పూడుస్తున్న దృశ్యం చూపించారు. ఆ మర్నాటి నుంచి పేట, నందిగామ ప్రాంతాల్లో ఎవరూ కోడి జోలికి పోలేదు. చికెన్ కొట్లవాళ్ళు మొద్దులు కడిగి బోర్లించి, అదే కొట్టులో పుచ్చకాయలు అమ్ముకున్నారు. బ్రాయిలర్ కోడి ఆరువారాల సరుకు. ఆ గడువు దాటితే తినేది పెరుగుతుంది, మిగిలేది తరుగుతుంది. ప్రసాదు షెడ్డులో కోళ్ళకు తొమ్మిదో వారం నడుస్తోంది. అవి లావెక్కి, నడవలేక కూలబడి, కూలబడిన చోటే దాణా తింటూ, ఇంకేం పెడతావన్నట్టు ప్రసాదును చూస్తున్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే షెడ్డుకు తాళం వేసుకోవడమే. పదేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న షెడ్డు అది. తాళం అన్న మాట తలపుకొస్తేనే ఆయనకు అన్నం సహించడం లేదు.

ఇలా చికెన్ మేళా పెట్టాలన్న ఆలోచన కోటిలింగంది. పేట మెయిన్ బజారులో ఆయనకు దాణా కొట్టుంది. కోళ్ళు కదలకపోవడంతో రైతులు కొత్త పిల్లల్ని దింపడం మానేశారు. కొట్లో మొక్కజొన్న బస్తాలకు పురుగు పట్టింది. కోటిలింగం పుట్టి బుద్ధెరిగాక కోడిగుడ్డు కూడా ముట్టినవాడు కాదు. అయినా కోళ్ళ క్షేమం కోరడంలో ఆ తాలూకాలో ఆయన తర్వాతే ఎవరైనా.

"ఒక్కరోజు ఊరికే పెట్టండి ప్రసాదుగారూ. చికెన్ కూర, పలావు. మైకు పెట్టిద్దాం. జనం వస్తారు, తింటారు, ఏమీ కాదు. ఏమీ కాలేదని తెలిస్తే వాళ్ళే కొనుక్కుంటారు."

"తింటారంటారా?"

"ముందు మీరు తింటే తింటారండీ. ఓనరే తిన్నాడంటే ఇంక భయమేముంది?"

ఈ మాట దగ్గరే ప్రసాదుకు చిక్కొచ్చింది. దానికి కారణముంది. ఆయన పదేళ్ళుగా ఫారం కోళ్ళు పెంచుతున్నాడు కానీ ఒక్క ముక్క నోట్లో పెట్టిన పాపాన పోలేదు. షెడ్డులో పెంచేది ఊరికి, పెరట్లో పెంచేది ఇంటికి అన్నది ఆయన పద్ధతి. పెరట్లో తల్లి పున్నమ్మ నాటుకోళ్ళను సాకుతుంది. ఆదివారం ఆమె చేతి నాటుకోడి కూర తిని, చెయ్యి కడుక్కునే ముందు వేళ్ళు ఒకసారి వాసన చూసుకుని, "కోడంటే ఇదీ. కళ్ళకు గంతలు కట్టి పెట్టినా చెప్తా, ఏది నాటుదో ఏది ఫారందో" అనకపోతే ప్రసాదుకు తిన్నట్టుండదు. బంధువుల్లో ఆ నాలుకకు చాలా పేరుంది. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు ఆయన్ను పిలిచి మరీ రుచి చూపిస్తారు.

"మీ కోడి మీరే తినరా?" కోటిలింగం నోరు వెళ్ళబెట్టాడు.

"తల్చుకుంటేనే వాంతొస్తదండీ. దూది నమిలినట్టుంటదంట."

"ఇదెక్కడి చోద్యమండీ? నా కొట్లో పప్పు నేను తింటున్నాగా."

"మీ కొట్లో తవుడు కూడా ఉందిగా."

కోటిలింగం బస్తా మీద వేళ్ళతో దరువేసి, "అయితే ఒక పని చేద్దాం" అన్నాడు గొంతు తగ్గించి. "మీ వరకు నాటుకోడి కూర వేరే గిన్నెలో తెప్పిద్దాం. మీరు నవుల్తున్నారా లేదా అనే జనం చూసేది. ఏ కోడో ముక్కమీద రాసుండదు కదండీ."

అది మోసమని ప్రసాదుకు తెలుసు. మనసు ఒప్పుకోలేదు కూడా. కానీ షెడ్డు గుర్తొచ్చింది. ఒప్పుకున్నాడు.

ఇంటికి వెళ్ళి తల్లితో చెప్పాడు. "అమ్మా, శనివారం పొద్దున్నే ఎర్రపుంజును కొయ్యాలి."

పున్నమ్మ చేతిలో చేట ఆగిపోయింది. ఆ పెరట్లో ఉన్న ఒకే ఒక్క పుంజు అది. తోక నల్లగా, మెడ నిప్పుకణికలా ఉండి, పున్నమ్మ పిలిస్తే మెట్లెక్కి వచ్చేది. "ఎర్రపుంజునా?" అంది.

"నీకు ముద్దని నాకు తెలుసు. కానీ షెడ్డు మునిగిపోయేట్టుందమ్మా."

"సర్లే. నీకంటే ఎక్కువా?" అంది పున్నమ్మ, చాలా తొందరగా. పక్కనే బియ్యం ఏరుతున్న కోడలు గీతాంజలి అత్తగారి వంక చూసి, మళ్ళీ రాళ్ళు వెతుక్కుంది.

ప్రసాదుకు ఇంకో బలహీనత ఉంది. లారీలకు లారీలు కోళ్ళను ఎగుమతి చేసినవాడే గానీ, కళ్ళెదుట కోడిని కోస్తే చూడలేడు. పెరట్లో కత్తిపీట చప్పుడు కాగానే షెడ్డుకు వెళ్ళిపోతాడు. శనివారం ఉదయం కూడా అలాగే వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసిన వాసన ఇంకా పెరట్లోనే ఉంది. కట్టెలపొయ్యి మీద గిన్నెలో కూర కుతకుతలాడుతోంది. ప్రసాదు ప్రాణం లేచొచ్చి మూత తియ్యబోయాడు. పున్నమ్మ చేతిమీద ఒక్కటేసింది.

"అక్కడ తిందువుగాని. నేనూ వస్తున్నా పేటకి. మీ సీతారావమ్మ పిన్నిని చూసి చాన్నాళ్ళయింది."

ఆమె చేతిలో పెద్ద జిప్పుసంచి ఉంది. ప్రసాదు అందుకోబోతే ఇవ్వలేదు. పాతచీరలు, చెల్లెలికి బొంతకని చెప్పి, దారి పొడవునా వ్యానులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పేటలో షామియానా కళకళలాడుతోంది. వంట సాంబయ్య రెండు పెద్ద గుండిగల నిండా వండి పెట్టాడు. ఆ ప్రాంతంలో మాంసం వండడంలో సాంబయ్యకు సాటి లేరు. ఆ సంగతి అందరికంటే బాగా సాంబయ్యకు తెలుసు. జనం కూడా ఊహించినదానికంటే ఎక్కువే వచ్చారు. కాకపోతే ఒక్కరూ షామియానా కిందికి రాలేదు. రోడ్డుకు అవతలివైపు ఎండలో నిలబడి, ముక్కుకు తువ్వాళ్ళు అడ్డంపెట్టుకుని చూస్తున్నారు.

"రండి రండి, కూర్చోండి" అని ప్రసాదు ఎదురెళ్ళాడు.

"ఇయ్యాల శనివారం గదండీ" అన్నాడొకాయన. "మేం వెంకటేశ్వరసామికి వారం."

"మేమూ అంతే" అన్నారు ఇంకో నలుగురు.

ప్రసాదు కోటిలింగం వైపు తిరిగాడు. "శనివారం పెట్టారేంటండీ మేళా?"

కోటిలింగం ముఖం పాలిపోయింది. "శనివారమైతే బజారుకి జనం బాగా వస్తారని పెట్టానండీ. మీవాళ్ళకి వారాలుంటాయని నాకేం తెలుసు? మాకు రోజూ శనివారమేగా!"

సరే, వారం లేనివాళ్ళయినా తింటారని నందిగామ నుంచి పిలిపించిన పశువుల డాక్టరు వరప్రసాదరావు చేతికి మైకు ఇచ్చారు. ఆయన చదువుకున్న మనిషి, ఏదీ సగంలో వదిలే అలవాటు లేదు. భయపడొద్దని మొదలుపెట్టి, ఆ జబ్బు మనిషికి వస్తే మొదటిరోజు ఏమవుతుందో, రెండోరోజు ఊపిరితిత్తులు ఎలా నిండుతాయో, మూడోరోజు ఇంటివాళ్ళు ఏం చేసుకోవాలో వరసగా వివరించాడు. "కాబట్టి బాగా ఉడికించి తింటే ఏ ప్రమాదమూ లేదు" అని ముగించేసరికి, రోడ్డుకు అవతల ఉన్న జనం బస్టాండు గోడదాకా జరిగారు.

"అయితే ముందు మీరు తినండి డాక్టరుగారూ!" అని ఒక గొంతు ఖంగుమంది. అది వీరరాఘవయ్యది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన మామూలుగా మాట్లాడినా బస్సు వెనక సీటుదాకా వినపడుతుంది.

డాక్టరు గతుక్కుమన్నాడు. "నాకూ... ఇవాళ వారమండీ."

"మరి మేళా పెట్టిన కోటిలింగంగారు?"

"నేను ముట్టనండీ, తెలుసుగా" అన్నాడు కోటిలింగం.

"డాక్టరు తినడు, దాణా అమ్మేవాడు తినడు. ఇంక మాకేనా పెట్టేది?"

అందరి చూపూ ప్రసాదు మీదికి మళ్ళింది. సరిగ్గా అప్పుడు ఆయన చెయ్యకూడని పని ఒకటి చేశాడు. అదీ మంచితనం కొద్దీ చేశాడు. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ ఒక మర్యాద ఉంది. పిలిచినవాళ్ళ విస్తళ్ళు లేచాకగానీ ఇంటాయన కంచం ముందు కూర్చోడు. ఆ అలవాటు కొద్దీ చేతులు జోడించి, "ముందు మీరు కానివ్వండి. మీరందరూ తిన్నాక నేను తింటా" అన్నాడు.

జనంలో కలకలం బయల్దేరింది.

"చూశారా? మనం తిన్నాక చూసి తింటాడంట!"

"మనమీద పరీక్ష పెడుతున్నాడు!"

"అయ్యయ్యో, అట్టా కాదండీ, మర్యాదకి అన్నా" అని ప్రసాదు మొత్తుకున్నాడు. ఆ మర్యాద ఎవరికీ పట్టలేదు. కోటిలింగం ఆయన రెక్క పట్టుకుని లాక్కెళ్ళి టేబుల్ ముందు కూర్చోబెట్టాడు. "తినండి మహానుభావా, ముందు తినండి" అని చెవిలో బతిమాలి, ఇంటి నుంచి తెచ్చి టేబుల్ కింద దాచిన గిన్నె తనే పైకి తీశాడు. చేత్తో తాకకుండా ఉండటానికి దాన్ని కండువాతో పట్టుకుని, మొహం అటువైపు తిప్పుకుని, విస్తట్లో గుమ్మరించాడు.

ప్రసాదు మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూతలుపడ్డాయి. పొద్దుటి నుంచీ పడ్డ కంగారంతా కారం ఘాటులో కరిగిపోయింది. ఇంక నటించాల్సిన అవసరం లేకపోయింది. ముక్కలు పీల్చి, ఎముకలు చప్పరించి, ఇంకొంచెం పెట్టించుకుని, అన్నం కలుపుకుని, మళ్ళీ పెట్టించుకున్నాడు. మైకు ముందుకు లాక్కుని, "ఏం రుచండీ! కోడంటే ఇదీ!" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు గనక వినడానికి బాగుంది. వీరరాఘవయ్య ముక్కు మీది తువ్వాలు తీశాడు. ముందు ఒకరు, తర్వాత ఇద్దరు, ఆ తర్వాత ఒక గుంపు షామియానా నీడలోకి వచ్చారు. వారం లేనివాళ్ళు విస్తరాకులు అందుకున్నారు. వారం ఉన్నవాళ్ళు బతికున్న కోళ్ళు ఇస్తారా, రేపు వండుకుంటామని ఆరా తీశారు. కోటిలింగం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతా బాగానే జరిగిపోయేది, సాంబయ్య లేకపోతే.

సాంబయ్య చాలాసేపటి నుంచి గరిటె పట్టుకుని ఒక్కదాన్నే చూస్తున్నాడు. ఓనరుగారు లొట్టలేస్తూ తింటున్నారు. కానీ తన గుండిగలోంచి కాదు. ఆ సంగతి ఖాయమయ్యేసరికి ఆయనకు ఒళ్ళు మండిపోయింది. గరిటెతో సహా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"ప్రసాదుగారూ, నా కూరకేం తక్కువైందండీ? తెల్లారుజామున లేచి వండా. ఊరందరికీ నా గుండిగ, మీకు మాత్రం ఇంటి దగ్గర్నించి వేరే గిన్నా?"

ప్రసాదు ముందున్న మైకు ఆపలేదన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తులేదు. సాంబయ్య బాధ బస్టాండు దాటి మెయిన్ బజారు దాకా వినపడింది.

విస్తరాకులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వీరరాఘవయ్య నోటి దగ్గరికి తీసుకెళ్ళిన ముక్కను దించి, "వేరే గిన్నా?" అన్నాడు. "ఏంటండీ ఆ గిన్నెలో?"

"కూరేనండీ" అన్నాడు ప్రసాదు.

"ఏం కూర?"

"కోడికూరేనండీ."

"మీ షెడ్డు కోడేనా? అదుగో, మీ అమ్మగారు అక్కడే కూర్చున్నారు. ఆమె మీద ఒట్టేసి చెప్పండి."

ప్రసాదు తల్లివైపు చూశాడు. ఆమె మూల కుర్చీలో, ఒళ్ళో సంచి పట్టుకుని కూర్చుంది. ఆయన చిన్నచిన్న అబద్ధాలు ఆడగలడు గానీ, తల్లిమీద దొంగ ఒట్టు వేసే ధైర్యం ఆయనకు లేదు. లేచి నిలబడ్డాడు.

"నాటుకోడండీ. మా పెరట్లోది. నేను ఫారం కోడి తిననండీ, ఎప్పుడూ తినలేదు. మోసం చెయ్యాలని కాదు... షెడ్డు పోతదేమోనని భయపడ్డా. మిమ్మల్ని నమ్మించాలని చూశా. తప్పే."

విస్తళ్ళు ఎగిరాయి. తిన్నవాళ్ళు గొంతులో వేళ్ళు పెట్టుకున్నారు. కోళ్ళు కొంటామన్నవాళ్ళు కనపడకుండా పోయారు. ఎవరో షామియానా తాడు విప్పారు, ఒక మూల కుంగి కోటిలింగం నెత్తిమీద పడింది. డాక్టరు తన స్కూటరు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడు. ప్రసాదు అలాగే నిలబడిపోయాడు. పదేళ్ళ షెడ్డు కళ్ళముందే కూలిపోతుంటే చెయ్యి కడుక్కోవాలన్న ధ్యాస కూడా ఆయనకు లేదు.

"ఒరే అబ్బాయ్, ఇంక చాలు. నోరు ముయ్యి."

పున్నమ్మ లేచి వచ్చింది. కొడుకును పక్కకు నెట్టి మైకు ముందు నిలబడింది. "నాయనా, ఆ తాడు కట్టండి. ఎవరన్నారు అది నాటుకోడని?"

"మీ అబ్బాయే అన్నాడమ్మా!"

"వాడికేం తెలుసు?" అని, సంచి టేబుల్ మీద పెట్టి జిప్పు లాగింది.

ఇంతసేపూ చీకట్లో కిక్కురుమనకుండా ఉన్న ఎర్రపుంజు ముందు తల బయటపెట్టింది. వెలుతురు చూసి, కళ్ళు చికిలించి, టేబుల్ మీదికి దిగింది. రెక్కలు టపటపలాడించి, విస్తట్లో ఒక అన్నం మెతుకును పొడిచి చూసి, మైకు దగ్గరగా మెడ చాచి, పేట మొత్తానికి వినపడేలా ఒక్క కూత పెట్టింది.

"మా ఇంట్లో ఉన్న పుంజు ఇదొక్కటే" అంది పున్నమ్మ. "దీన్ని కొయ్యమన్నాడు. నాకు చేతులు రాలేదు. షెడ్డులో కోడిని తెచ్చి కోసి, కాల్చి, పసుపు రాసి, కట్టెలపొయ్యి మీద వండా. ఇది వాడి కంటపడితే గొడవని, మా చెల్లెలింట్లో దాద్దామని తెచ్చా. వాడు ఇంతసేపూ తిన్నది వాడి షెడ్డు కోడినే."

వీరరాఘవయ్య అంత తేలిగ్గా టికెట్ కొట్టే మనిషి కాదు. "మాటలు కాదమ్మా" అంటూ వచ్చి, ప్రసాదు విస్తట్లోంచి ఒక కాలెముక తీసి రెండు వేళ్ళతో వంచాడు. అది పుటుక్కున విరిగింది. నాటుకోడి కాలెముక అలా వేళ్ళకు లొంగదని అక్కడున్న ప్రతి ఒక్కరి పళ్ళకూ తెలుసు. ఆయన ఆ రెండు ముక్కలూ పైకెత్తి చూపించాడు.

"ఫారం కోడే!"

ప్రసాదు ఆ ఎముక వైపు చూశాడు. గిన్నె వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. "అమ్మా, నేను తిన్నది... మన షెడ్డుదా?"

"మూడుసార్లు పెట్టించుకున్నావు. నేను లెక్కపెట్టాలే."

ముందు నవ్వింది సాంబయ్య. ఆ తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. డాక్టరు స్కూటరు మీద పడి నవ్వాడు. కోటిలింగం నెత్తిమీది గుడ్డ కూడా తీసుకోకుండా నవ్వాడు. మైకులో ఎన్ని మంచిమాటలు చెప్పినా పోని భయం ఆ నవ్వుతో ఎటు పోయిందో పోయింది. "జన్మలో తిననన్నోడే తెలీకుండా మూడుసార్లు లాగించాడంటే, ఇంక మనకేం రోగంరా!" అని వీరరాఘవయ్య తన విస్తట్లో వదిలేసిన ముక్క మళ్ళీ అందుకున్నాడు. సాంబయ్య గుండిగలు అడుగంటాయి. వారం ఉన్నవాళ్ళు ఆదివారం కోసమని బతికున్న కోళ్ళకు ఎగబడ్డారు. వ్యాను చిల్లకల్లుకూ పేటకూ తిరిగి తిరిగి ఇంజను వేడెక్కిపోయింది. మిగిలినవాటిని చికెన్ కొట్లవాళ్ళు పుచ్చకాయలు పక్కకు నెట్టి మరీ దింపించుకున్నారు. పొద్దు వాలేసరికి షెడ్డులో నేలమీద పరిచిన వరిపొట్టు తప్ప ఏమీ లేదు.

ఇంటికొచ్చిన ప్రసాదు అరుగు మీద కూర్చున్నాడు. షెడ్డు నిలబడింది. గుండెల మీంచి బండ దిగినట్టే ఉంది. అయినా నాలుక దగ్గర ఏదో వెలితి. గీతాంజలి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"గీతా, ఇవాళంటే కంగారులో తెలీలేదు గానీ, మామూలప్పుడైతే నేను పట్టేసేవాణ్ణే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం, పట్టలేనంటావా? పోయిన ఆదివారం తిన్నదీ... అది నాటుకోడేగా?"

గీతాంజలి గ్లాసు వైపు చూసింది.

"మీ తమ్ముడొచ్చినప్పుడు?"

"అదీ మన షెడ్డుదేనండీ."

"దసరాకి?"

"అత్తయ్యకి పెంచినదాన్ని కొయ్యడమంటే చేతులు రావండీ. మీరా, కోసేటప్పుడు చూడరు. తెల్ల ఈకలు అరటిచెట్టు కింద పూడ్చేసేవాళ్ళం. కోశామన్నది మీరు గుర్తుపట్టే పుంజయితే పిన్నిగారింటికి పంపేసేవాళ్ళం. అక్కడ పది దాకా ఉన్నాయి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను కాపరానికి వచ్చేసరికే ఈ పద్ధతి ఉందండీ."

ప్రసాదు గ్లాసులో నీళ్ళు గటగటా తాగేశాడు. ఆయన నాలుక కథ అప్పటికే వీరరాఘవయ్య గొంతు మీద నందిగామ దాటిపోయింది. ఆ తర్వాత ఏ పెళ్ళిలోనూ ఏ వంటవాడూ రుచి చూడమని ఆయన్ను పిలవలేదు.

మర్నాడు ఆదివారం. పేటలో ప్రతి ఇంట్లోనూ ప్రసాదుగారి కోడే ఉడుకుతోంది. షెడ్డులో ఒక్కటీ మిగల్లేదు కాబట్టి, పున్నమ్మ కొడుక్కి గుత్తివంకాయ కూర వండి పెట్టింది.